అతుకుల దగ్గర నీళ్లు

తడిబట్టలు మెషిన్‌లోనే ఉండిపోయాయన్న తగువు మొదలై అప్పటికి అరగంటైంది. మీట నొక్కింది అత్తగారు, ఆరేయాల్సింది కోడలట. "ఆఫీసులో నదులకి నడక నేర్పుతుంది, ఇంట్లో నాలుగు చొక్కాలు ఆరేయడానికి తీరదు" అన్నాడు భర్త. పదకొండేళ్ల కూతురు కిసుక్కున నవ్వింది. కోడలు చొక్కాలు దులిపి తీగ మీద వేస్తూనే ఉంది.

ఆ ఎత్తిపొడుపు ఇవాళ తగల్లేదు. మనసు మధ్యాహ్నం నుంచీ ఆఫీసులోనే ఉంది. వరద ఎటు పారుతుందో కంప్యూటర్లతో లెక్క కట్టడం ఆమె పని. నదిని అరవైనాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కని ఒక్కో ప్రాసెసర్‌కి అప్పగిస్తారు. అన్నీ ఒకేసారి లెక్క చేస్తాయి. కానీ లెక్కలో అడుగడుగునా ప్రతిదీ ఆగి, తన అంచున నీళ్లెంత ఉన్నాయో పక్కదానికి చెప్పాలి. ఆ చెప్పుకోవడానికే సమయమంతా పోతుంది. లెక్క తేలేసరికి ఎనిమిదయ్యేది. అది చూసి పంపితే గాని ఆమె కదలడానికి లేదు. ఆరున్నరకి పొయ్యి వెలగకపోతే ఇంట్లో మూతులు ముడుచుకునేవి. చంటిపిల్ల ఏడుస్తోందని అత్తగారి ఫోన్లు. పదేళ్ల కిందట ఒక సాయంత్రం, లెక్కలో ఐదడుగులకోసారి చెప్పుకుంటే చాల్లే అని ప్రోగ్రాం మార్చేసింది. ఐదున్నరకే పని తెమిలింది. రేపు సరిచేద్దాంలే అనుకుంది. ఆ రేపు రానే లేదు. పైగా భలే వేగం పెంచిందని పై అధికారి అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. ఆమె నవ్వుతూ నిలబడింది.

వంట ఆలస్యమైతే అడిగేవాళ్లు ముగ్గురు. లెక్క తప్పితే అడిగేవాళ్లు లేరు. అందుకే లెక్కనే కోసింది.

ఇప్పుడా ప్రోగ్రాంతో పనిచేస్తున్నది పక్క బల్ల అమ్మాయి. ఈసారి పెద్ద వరద లెక్క కడుతుంటే ముక్కల అతుకుల దగ్గర నీటిమట్టం జానెడు తేడా వస్తోంది. తప్పు ఆ అమ్మాయిదేనని తేల్చి, శుక్రవారం ఉద్యోగంలోంచి తీసేస్తున్నారు. "నేనే ఎక్కడో పొరబడి ఉంటానక్కా" అంది కళ్లు తుడుచుకుంటూ. ఆమె మంచినీళ్లు అందించింది తప్ప, ఆ పాత మార్పు తను చేసిందని చెప్పలేదు. భర్తకి ఫోన్ చేసి చెబితే, పాత గోతులు తవ్వుకుని నువ్వే పడతావా, ఊరుకో అన్నాడు. సాయంత్రం దాకా ఊరుకుంది కూడా.

అందరూ భోజనానికి కూర్చున్నాక వడ్డించి, తనూ కూర్చుంది.

"ఆ తప్పు నాదని రేపు అందరి ముందూ చెప్తున్నాను."

ఉద్యోగం పోతుందేమో ఆలోచించావా అని భర్త అడిగాడు.

"పోతే నాది పోవాలి. ఉంచితే మాత్రం, అది సరయ్యేదాకా రోజూ లెక్క తేలాకే ఇంటికొస్తాను. ఎనిమిదవుతుంది, తొమ్మిదవుతుంది. రాత్రి వంట సంగతి మీరు ముగ్గురూ చూసుకోండి అత్తయ్యా."