తోక బాబాయ్

ముందు చక్రం పని అయింది, వెనక చక్రానికి గాలి కొడుతున్నాడు తోక బాబాయ్. పంపు కిందికి నొక్కినప్పుడల్లా ఛాతీ మధ్యలో ఎవరో బొటనవేలు పెట్టి ఒత్తుతున్నట్టుంది. ఆగి, టైరుని రెండు వేళ్లతో పిసికి చూసి, చాల్లే అన్నట్టు తల ఊపాడు. నిజానికి చాలలేదు. ఇంకెవరి సైకిలైనా అయితే అలా వదిలేవాడు కాదు.

షెడ్డు గుమ్మంలో నిలబడి భార్య అదంతా చూస్తోంది. ఆమె చేతిలో ఆయన పసుపు కోటు ఉంది. చేతుల్లేని ఆ కోటుని నిన్న ఉతికి ఆరేసింది. వీపు మీద ఎర్రదీపం తగిలించే పట్టీ ఊడిపోతే, పొద్దున్నే కూర్చుని దిట్టంగా కుట్టింది.

"సగం పళ్లెంలోనే వదిలేశారు," అంది.

"ఆకలి లేదు."

"నిన్న కూడా లేదు. ఇవాళ మానేసి డాక్టరు దగ్గరికి వెళ్దామన్నానా, లేదా?"

"రేపు సాయంత్రానికి వచ్చేస్తాగా. వచ్చాక ఎక్కడికి రమ్మంటే అక్కడికి నోరెత్తకుండా వస్తా."

"అల్లుడితో నేనే చెప్పేస్తా."

"చెప్పావనుకో, రేపట్నుంచి నన్ను కుర్చీలో కూర్చోబెడతారు. ఇక రోజంతా నీ వంటకి వంకలు పెడుతూ కూర్చుంటా. నీ ఇష్టం మరి."

ఆమె నవ్వలేదు. "ఊళ్లో పడితే నలుగురు పోగవుతారు. అక్కడ పడితే ఎవరు చూస్తారండీ?"

"పడ్డవాళ్లని లేపేవాణ్ణే కదే నేను."

"నేననేది కూడా అదే," అని కోటు చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది. వెళ్లిందే గాని ఉండలేక మళ్లీ కిటికీలోకి వచ్చి, ఆ పసుపురంగు వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

వెనక ఉండటం బాబాయ్‌కి కొత్తేం కాదు. ఇంట్లో అందరికంటే కడగొట్టువాడు. అన్నలందరూ తొడిగి వదిలేసిన చొక్కాలు ఇక చిరగడమే తరువాయి అన్నప్పుడు ఆయన ఒంటి మీదికి వచ్చేవి. బళ్లో పరుగుపందెం పెడితే ఆయన చేరేసరికి తాడు పట్టుకున్నవాళ్లు తాడు చుట్టేసుకుని ఇళ్లకి వెళ్లిపోయి ఉండేవారు. పెళ్లీ ఆలస్యమే, కూతురు పుట్టడమూ ఆలస్యమే. పెద్దరోడ్డు మలుపులో సైకిలు షాపు పెట్టాడు. పెట్టీ పెట్టగానే రోడ్డు వెడల్పు చేశారు. లారీలూ కార్లూ మోటారు సైకిళ్లూ రాత్రింబవళ్లు పరిగెత్తాయి. సైకిలు తొక్కేవాడు ప్రాణం అరచేతిలో పెట్టుకుని తొక్కాల్సి వచ్చింది. కొన్నాళ్లకి తొక్కేవాళ్లే లేకుండా పోయారు.

తర్వాత అల్లుడికి ఆలోచన వచ్చింది. ఊరవతల రైళ్లు మానేసిన పాత దారి ఒకటుంది. పట్టాలు పీకేసి నేల చదును చేశారు. అల్లుడు నగరం నుంచి జనాన్ని తీసుకొచ్చి, పొలాల మధ్య నుంచి కొండ అవతలిదాకా ఆ దారిన సైకిళ్ల మీద తిప్పడం మొదలెట్టాడు. బండ్లొచ్చి సైకిళ్లని తరిమేస్తే, ఇప్పుడు సైకిళ్లవాళ్లు బండ్లు లేని చోటు వెతుక్కుంటూ డబ్బులిచ్చి మరీ వస్తున్నారని బాబాయ్ నవ్వుకునేవాడు.

గుంపుకి ముందు అల్లుడు, వెనక మామ. ఎవరి గొలుసు ఊడినా, ఎవరి టైరు పంక్చరైనా, ఎవరి కాళ్లు మొరాయించినా వెనకొచ్చే ఈయన చూసుకోవాలి. పశువులు దారిలోకి రాకుండా గేట్లు వేసి రావడమూ ఈయన పనే. దారి చీలిన ప్రతిచోటా అల్లుడు ఆగి వెనక్కి చూస్తాడు. పసుపు కోటు కనిపించిందంటే అందరూ వచ్చేసినట్టే. తలలు లెక్కపెట్టే పని లేదు. ఈల వేసి కదులుతాడు. అలా వచ్చింది ఆ పేరు. మొదట్లో కాస్త చిన్నతనంగా ఉన్నా, పుట్టిన దగ్గర్నుంచీ ఎందుకూ కొరగాని చివరితనం ఇన్నాళ్లకి ఒకరికి పనికొచ్చిందని ఆయనకి లోలోపల గర్వంగానే ఉండేది. కుర్చీలో కూర్చుంటే ఆ గర్వం పోతుంది. అందుకే నొప్పి సంగతి అల్లుడి దాకా పోనివ్వలేదు.

దారి మొదట్లో అల్లుడు ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు. "ఈ దారిలో ఒక్క బండి రాదు. హారను వినపడదు. కొండ దాటాక ఫోను కూడా మోగదు. మీరూ, ఆకాశమూ, అంతే."

జనం చప్పట్లు కొట్టారు. ఎప్పుడూ ఆ మాటలకి చిరునవ్వు నవ్వే బాబాయ్, ఈసారి జేబులో ఫోను తడుముకున్నాడు.

పొద్దెక్కినా మంచు విడవలేదు. కోతలైపోయిన పొలాలు రెండు వైపులా బోడిగా పడున్నాయి. మనిషన్నవాడు లేడు. తలుపులకి అడ్డంగా చెక్కలు కొట్టేసిన పాత స్టేషను ఒకటి దాటారు. గడియారం ఊడదీసిన చోట గోడ మీద గుండ్రటి మరక మిగిలింది. ఎన్నోసార్లు చూసిందే అయినా, ఇవాళ దాన్ని చూస్తే ఎందుకో భయమేసింది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. చెయ్యి దులుపుకుని తొక్కాడు.

ఆయనకి ముందు ఒక టీచరమ్మ పడుతూ లేస్తూ తొక్కుతోంది. భారీ మనిషి. గుంపులో అందరికంటే వెనకబడిపోయింది.

"ఇన్నేళ్లూ వెనక బెంచీ వాళ్లని తెగ తిట్టాను బాబాయ్," అంది ఆయాసపడుతూ. "ఆ ఉసురే తగిలింది."

"వెనక బెంచీలో హాయి మీకిప్పుడు తెలుస్తోంది."

ఆమె నవ్వుతూ తల తిప్పబోయింది. సైకిలు ఊగింది.

"వెనక్కి చూడకండి టీచరమ్మా. మీరు తల తిప్పితే హ్యాండిలూ తిరుగుతుంది. చక్కగా ముందుకు చూసి తొక్కండి. వెనక నేనున్నాగా."

మధ్యాహ్నం దాటాక కొండ వచ్చింది. కొండలోంచి సొరంగం. మిగతావాళ్లు అప్పటికే అవతలికి వెళ్లిపోయారు. చీకటి నోటి దగ్గర టీచరమ్మ దిగిపోయింది. ఆమె సైకిలు దీపం వెలగడం లేదు. బాబాయ్ తట్టి చూశాడు, తీగె తెగింది. బాగుచేయడానికి వంగాడు గాని, లేవడం కష్టమైంది. గోడ పట్టుకుని లేచాడు.

"నావల్ల కాదు బాబాయ్. లోపల నేను ఎక్కడున్నానో మీక్కూడా కనపడదు."

ఆయన పసుపు కోటు విప్పాడు. పొద్దున్నుంచీ అది ఛాతీకి బిగిసిపోయినట్టుంది, విప్పితే కాస్త ఊపిరాడుతుందనిపించింది. ఎర్రదీపం వెలిగించి కోటు ఆమెకి తొడిగాడు. తన సైకిలు ముందు దీపం తీసి ఆమె హ్యాండిలుకి తగిలించాడు.

"ఇప్పుడు మీరెక్కడున్నా నాకు కనపడతారు. పదండి."

సొరంగంలో నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ ముందు పోతోంది. దాన్నే చూస్తూ తొక్కాడు. కోటు విప్పినా బిగింపు తగ్గలేదు. అప్పుడు తెలిసింది, అది కోటు వల్ల కాదని.

అవతల మంచు కమ్మిన వెలుతురులోకి రాగానే గేటు. టీచరమ్మ దాటింది.

"మీరు పోతూ ఉండండి. గేటు వేసొస్తా," అన్నాడు. గొంతు మామూలుగానే వచ్చింది. అలా రావాలని చాలా కష్టపడ్డాడు.

ఆమె తొక్కుకుంటూ వెళ్లింది. చెప్పినట్టే వెనక్కి చూడలేదు. బాబాయ్ సైకిలుని గట్టుకి ఆనించి, గేటు లాగి గడియ పెట్టాడు. గడియ పడ్డ చప్పుడు విన్నాక, గేటు స్తంభానికి ఆనుకుని కూలబడ్డాడు. ఫోను తీశాడు. అల్లుడు చెప్పిన మాట నిజమే. దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

ఏం పర్లేదు, అనుకున్నాడు. చీలిక దగ్గర అల్లుడు ఆగుతాడు. పసుపు కోటు కనిపించేదాకా కదలడు. ఎంతసేపైనా ఆగుతాడు, కనపడకపోతే వెతుక్కుంటూ వెనక్కి వస్తాడు.

అలా అనుకుంటుండగానే మంచులోంచి ఈల వినిపించింది.

ఆ ఈల ఎన్నిసార్లు విన్నాడో. విన్నప్పుడల్లా తను వాళ్ల కళ్లెదుటే ఉండేవాడు. తోక వచ్చేసింది, ఇక పదండి అని ఆ ఈలకి అర్థం. బాబాయ్ తన చొక్కా వైపు చూసుకున్నాడు. పిలుద్దామని నోరు తెరిచాడు. వచ్చిన గొంతు గేటు దాటి పోలేదు. గట్టుకి ఆనించిన సైకిలు వైపు, దాని బెల్లు వైపు చెయ్యి చాపాడు. అందలేదు.

చాలా భయం వేసింది. భార్య పొద్దున అడిగిన మాట గుర్తొచ్చింది. దానికి సమాధానం చెప్పకుండా హాస్యమాడి వచ్చేశాడు. అదొక్కటే బాధగా ఉంది. గట్టు మీద గడ్డి తడిగా వాసనేస్తోంది. కళ్లు మూసుకుంటే నొప్పి కాస్త దూరం జరిగినట్టుంది, మూసుకునే ఉన్నాడు. సన్నగా జల్లు మొదలైంది. తల మెల్లగా భుజం మీదికి వాలింది. చీకటి పడేదాకా ఆ దారిలో ఒక్క బండీ రాలేదు.

బసలో అందరూ తడి జుట్లు తుడుచుకుంటూ టీ తాగుతున్నారు. మామ బస వెనక షెడ్డులో అన్ని సైకిళ్లూ తుడిచి, తనిఖీ చేసి గాని లోపలికి రాడు. అందుకని ఇంకా రాలేదేమని ఎవరూ అడగలేదు. అల్లుడు ఒక గ్లాసులో చక్కెర తక్కువ వేసి, మూత పెట్టి పక్కన ఉంచాడు. టీచరమ్మ పసుపు కోటు మడత పెట్టుకుని వచ్చింది.

"ఇది బాబాయ్‌కి ఇచ్చేయాలి. ఆయన ఎక్కడ?"

"షెడ్డులో..." అంటూ తలెత్తిన అల్లుడు ఆ కోటుని చూశాడు. "ఇది మీ దగ్గరుందేంటి?"

"సొరంగం దగ్గర తొడిగారుగా. నా వెనకే వస్తానన్నారు."

అల్లుడు చేతిలోని గ్లాసు పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి పరిగెత్తాడు. మిగతావాళ్లు దీపాలు వెతుక్కుని అతని వెనక పరుగెత్తారు. టీచరమ్మ కూడా కోటుని కుర్చీ మీద పడేసి వెళ్లింది.

ఖాళీ గదిలో ఆ కుర్చీ మీద, పొద్దున కుట్టిన కొత్త పట్టీకి, ఎవరూ ఆర్పని ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ ఉంది.