అవతలి గట్టు పాట

"ఏమోయ్!"

"ఆఁ, వస్తున్నా!"

స్నానాల గదిలోంచి ఆ పిలుపు, వంటింట్లోంచి ఈ జవాబు. మధ్యలో ఆలోచనకి చోటే లేదు. చేతిలో ఏ పనున్నా నోరు తనంతట తనే పలికేస్తుంది. ఆమె మొగుడికి తువ్వాలు అందించి వచ్చేసరికి పాలు సగం పొయ్యి పాలయ్యాయి. కుర్చీలోంచి కదలకుండానే అత్తగారు తూకం వేసేశారు. "పిట్టల మీదున్న ధ్యాస పాల మీద ఉంటేనా!" కొడుకు రోజూ తువ్వాలు మరిచిపోవడం మాత్రం ఆవిడ తక్కెడలో ఎన్నడూ పడలేదు.

ఆమె పనిచేసేది మ్యూజియంలో, పిట్టల విభాగంలో. ఏ పిట్ట ఏ జాతిదో తేల్చడం పని. "మా ఆవిడండీ, చచ్చిన పిట్టలకి పేర్లు పెడుతుంది," అని మొగుడు స్నేహితులకి పరిచయం చేస్తాడు. అందరూ నవ్వుతారు. కాఫీ కప్పులు పట్టుకుని ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే బేరం చెడుతుంది మరి.

అక్కడ ఆమె సొరుగొకటి ఉంది. దూది కూరిన గోధుమరంగు పిట్టలు అందులో రెండు వరసలు. ఒకే అడవి, నడుమ వెడల్పాటి నది. ఇవతలి గట్టువి ఒక వరస, అవతలివి మరో వరస. గొంతు కింద రంగు కాస్త పలచన, తోక కాస్త పొట్టి, అంతే తేడా. ఎప్పుడో ఒక పెద్దమనిషి అడవి మొహం చూడకుండానే ఇవతలిదాన్ని జాతి అన్నాడు, అవతలిదాన్ని దాని ఉపజాతి అన్నాడు. ఆ 'ఉప' దగ్గర ఆమె వేలు ఆగిపోతుంది. అసలుది ఒకటుంది, దాని చాటున ఇదీ ఉంది అన్నట్టు.

తేల్చుకోవడానికి దారి ఒకటే. ఇవతలి పాటని పట్టుకెళ్లి అవతలి పిట్టకి వినిపించాలి. తన జాతే అనుకుంటే, ఎవడురా నా చోటుకి వచ్చింది అని రెచ్చిపోయి బదులు పాడుతుంది. ఆకు కదిలినట్టు విని ఊరుకుందా, జాతి వేరు. పిలుపు అందాక పలకడమా, పలకకపోవడమా అన్నదే లెక్క.

పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమె నది దాకా వెళ్లింది. ఇవతలి పాటని రికార్డు చేసింది. పడవ ఎక్కబోతుంటే మొగుడి ఫోను: "అమ్మకి ఒంట్లో బాగాలేదు, వెంటనే బయలుదేరు." తీరా వచ్చి చూస్తే జలుబు. ఒక జలుబుకి ఒక నదిని ఇచ్చేసిన బేరం అది. అలాంటివి ఆ తరవాత ఎన్ని జరిగాయో. గోనెసంచికి చిల్లు పడితే బండి ఊరు చేరాక గానీ తెలియదు. ఇప్పటికీ బట్టలు మడతపెడుతూ ఆ పాట వింటుంది. మూడు మెట్లు ఎక్కి నాలుగోదాని మీద ఆగిపోయినట్టుండే పాట. ఆ ఆగిన చోట అవతలి గట్టు ఉంటుంది. పొగమంచు కింద తడిసిన ఆకుల వాసన, వినని ఒక గొంతు. నది దాటడానికి ఆ పిట్టకి రెక్కలు లేవా? ఉన్నాయి. నీడలో పెరిగింది కదా, నీళ్ల మీది ఎండని చూడగానే వెనక్కి తిరుగుతుంది. అవతలి గట్టు మాత్రం పుట్టినప్పటినుంచీ కనిపిస్తూనే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం మ్యూజియం పెద్దసారు పిలిచారు. "అమ్మా, ఎల్లుండి మీ నదికి జీపు బయలుదేరుతోంది. రేపు పొద్దున్నకల్లా చెప్పండి. మీరు రాకపోతే ఆ సీట్లో గుడారాలు కూర్చుంటాయి."

సాయంత్రం ఇంట్లో చెప్పింది.

"పిట్టలెక్కడికి పోతాయోయ్? వచ్చే ఏడు వెళ్దువుగాని," అన్నాడు మొగుడు.

"పోయినేడూ అదే అన్నారు."

"చూశావా, మాట మీద నిలబడే మనిషిని!" తన హాస్యానికి తనే మురిసిపోయాడు.

అత్తగారు అసలు సంగతికి వచ్చారు. "ఆ రెండూ ఒకటైతే ఏంటి, వేరైతే ఏంటి? ఎవరికి ఒరిగేది?"

"దాని పేరు దానికి వస్తుందత్తయ్యా."

"పేరొచ్చి అదేం చేసుకుంటుంది?"

ఆమె ఎంగిలి కంచాలు ఎత్తి సింకులో వేసింది. ఏం చేసుకుంటుందో ముందు దానికి పేరు ఇచ్చి చూడాలి కదా, అనుకుంది కుళాయి కింద చేతులు పెట్టి.

మర్నాడు పొద్దున పాలు పొయ్యి మీద ఉండగా ఫోను మోగింది. పెద్దసారు. అదే క్షణంలో స్నానాల గదిలోంచి, "ఏమోయ్!"

నోరు తెరుచుకోబోయింది. ఆమె పెదాలు బిగించింది. పాలు పొంగకముందే మంట తగ్గించింది.

"ఏమోయ్, నిన్నే!"

వింది. స్పష్టంగా వింది. ఆకు కదిలినట్టు విని ఊరుకుంది. తరవాత ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఇల్లంతా వినపడేలా అంది.

"ఆఁ, వస్తున్నా!"

లోపల ఆయన నిశ్చింతగా తలుపు ఓరగా తెరిచి, తువ్వాలు కోసం చెయ్యి బయటికి చాపాడు.