చిన్నది చెయ్యి పెడితే

పొద్దున ఏడయ్యేసరికి మేస్త్రమ్మ షెడ్డు షట్టరు పైకెత్తేది. లైటు వేసి, కిటికీ తీసి, ముందురోజు నడిపి చూసిన ఇంజన్ల ప్లగ్గులు ఊడదీసి బల్ల మీద వరసగా పేర్చేది. ప్లగ్గు మొన టీ రంగులో ఉంటే ఇంజను సుఖంగా ఉన్నట్టు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలక లోపల మాడుతున్నట్టు. నల్లగా, తడిగా ఉంటే తిన్నదరక్క అవస్థ పడుతున్నట్టు. పద్దెనిమిదేళ్ళుగా ఆమెకు ఇంజను కడుపులో సంగతులు ఇలాగే తెలిసేవి. ప్లగ్గు రంగు, పొగ వాసన, అన్నిటికంటే ఎక్కువగా చెవి.

మూలనపడ్డ టూ-స్ట్రోక్ బళ్ళ ఇంజన్లను పందేలకు తయారు చెయ్యడం ఆమె పని. పెద్ద కంపెనీల పందేలు కావు, చేతిలో పెద్దగా డబ్బుల్లేని వాళ్ళు ఆడుకునే పాతబళ్ళ పందేలు. సిలిండరు గోడల్లో గాలి లోపలికి రావడానికీ పొగ బయటికి పోవడానికీ కిటికీల్లాంటి కంతలుంటాయి. పోర్టులంటారు. మేస్త్రమ్మ చిన్న అద్దం ముక్కా టార్చిలైటూ పెట్టుకుని, ఆకురాయితో ఆ పోర్టుల అంచులు వెంట్రుకవాసి చొప్పున అరగదీసేది. దాంతో పాల క్యాన్లు మోసిన ఇంజను కాస్తా పందెంలో గొంతెత్తి అరిచేది.

ఆ బళ్ళు తోలేది ఆమె మొగుడు. ఇంట్లో చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టే ఆ మనిషిని పందెం మైదానంలో అందరూ మెరుపు అనేవాళ్ళు.

అన్నీ సవ్యంగానే ఉండేవి. బట్టల కుట్టుపని పోయి, మేస్త్రమ్మ చెల్లెలు, అందరూ చిన్నది అని పిలిచే పిల్ల, సంచీ పట్టుకుని వచ్చేదాకా.

వచ్చిన మూడోరోజున చిన్నది దుమ్ము తుడుస్తూ ఒక సిలిండరు మీద చెయ్యి పెట్టింది. ఇనుము గాజైపోయింది. లోపలి పిస్టనూ, రింగులూ, పోర్టులూ నీళ్ళలో గులకరాళ్ళలా కనిపించాయి. చెయ్యి తీస్తే మళ్ళీ ఇనుమే.

"ఓ, నీకలా వస్తుందా?" అన్నాడు మెరుపు. "అయితే ఆ పక్కదాని మీద కూడా పెట్టు, రింగు ఇరుక్కుందేమో చూద్దాం."

అంతే. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. పక్క దుకాణం తాళాల ముసలాయన మొండికేసిన తాళాలన్నీ డబ్బాలో వేసుకుని వారానికోసారి వచ్చేవాడు. "అమ్మాయ్, దీంట్లో ఏం విరిగిందో ఓసారి చూపించు" అనేవాడు. నడుస్తున్న ఇంజను చూడాలంటే చిన్నది వేళ్ళు చన్నీళ్ళలో ముంచుకుని ఆనించేది. లోపల నీలిమంట టపటపా వెలిగి ఆరడం అందరూ చుట్టూ మూగి చూసేవాళ్ళు.

మేస్త్రమ్మ ఒక్కతే చూసేది కాదు. ఏదో పని కల్పించుకుని అటు తిరిగిపోయేది.

మొదట్లో ఆమె తనకు తనే సర్దిచెప్పుకుంది. చెల్లెలికి చేతిలో ఏదో ఉంది, మంచిదేగా, షెడ్డుకే లాభం. కానీ ఒక మధ్యాహ్నం ఆ గాజు సిలిండరు మీదికి మొగుడూ చెల్లెలూ తలలు ఆనేంత దగ్గరగా వంగడం చూసింది. "అబ్బ, పొగ అలా మెలికలు తిరిగి పోతుందా! ఈ పోర్టు ఇంత వాలుగా ఎందుకుంది చిన్నా?" అని ఆయన అడుగుతున్నాడు. అందులో తప్పేమీ లేదని ఆమెకు తెలుసు. ఆ ఇద్దరి మధ్యా ఇనుము తప్ప ఇంకేం లేదనీ తెలుసు. కానీ ఆ వాలు చెక్కింది తను. ఎందుకు చెక్కిందో పెళ్ళైన కొత్తలో రోజూ చెప్పబోయేది. ఆయన "ఊ, ఊ" అంటూ పేపరు తిరగేసేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా "ఎందుకు" అని అడగలేదు.

ఆ రోజు నుంచి ఆమెకు కడుపులో ఆకురాయి పెట్టి ఎవరో రాస్తున్నట్టుండేది.

చిన్నదానికి పనికిమాలిన పనులన్నీ అప్పజెప్పింది. పొగగొట్టాల్లో మసి గీకమంది, నట్లూ బోల్టులూ కిరసనాయిల్లో కడగమంది. "పని ఇలాగే వస్తుందే" అంది. చిన్నది పాటలు పాడుకుంటూ గీకింది, కడిగింది. మొహం మాడ్చుకుని చేసినా బాగుండేది. ఆ పాటలు వింటుంటే మేస్త్రమ్మకు ఒళ్ళు మండిపోయేది.

ఇంజను తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు కూడా ఒకటే అడిగేవాళ్ళు. "చిన్నమ్మ చూసిందా?"

"కట్టింది నేను."

"అది సరే మేస్త్రమ్మా, ఆవిడ చూసిందా అని."

ఆ ఏడు ఆఖరి పందేనికి ముందుదాంట్లో మెరుపు గెలిచాడు. మైదానంలో పెద్ద పలక ఒకటుంది, గెలిచిన ఇంజను ఎవరు కట్టారో దాని మీద రంగుతో రాస్తారు. మైకు పట్టుకున్నాయన గొంతు సవరించుకుని, "ఇంజను కట్టినవారు, గాజుచేతి చెల్లెమ్మగారు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చిన్నది కంగారుగా "కాదండీ, మా అక్క" అని అరిచింది. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. అలాగే రాసేశారు.

ఇంటికొచ్చాక మేస్త్రమ్మ షెడ్డులో ఒక మూల టార్పాలిన్ కట్టింది. "ఆఖరి పందెం ఇంజను నేనొక్కదాన్నే కడతాను. దాని మీద ఎవరి చెయ్యీ పడకూడదు."

"ఒక్కసారి చూపిస్తే పోయేదేముంది?" అన్నాడు మెరుపు.

"మీకు బండి కావాలా, ఆ చెయ్యి కావాలా?"

మెరుపు బుర్ర గోక్కున్నాడు. చిన్నది మాత్రం, "నేను ముట్టుకోను బావా, అక్క చెప్పిందిగా" అని వెళ్ళి మసి గీక్కుంది.

ఆరు వారాలు మేస్త్రమ్మ ఆ టార్పాలిన్ వెనకే బతికింది. పోర్టు ఒక మిల్లీమీటరు పైకి లేపింది. పిస్టను అడుగంచు కోసి తేలిక చేసింది. రేకు శంకుల్లా చుట్టి, మధ్యలో లావుగా కొత్త పొగగొట్టం అతికింది. పిస్టనును రాడ్డుకు కలిపే పిన్ను చుట్టూ వేలి ఉంగరమంత బేరింగు ఉంటుంది, గూడులో అమర్చిన సన్నటి కడ్డీలతో. కొత్తది రావడానికి ఇంకో వారం పడుతుందన్నారు. అంతదాకా ఆగడం ఆమె వల్ల కాలేదు. పాతదాన్నే వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసి, బాగానే ఉందనుకుని వేసేసింది.

పందెం రోజున ఆ ఇంజను అంత పొగరుగా అరిచిన ఇంజను మైదానంలో ఇంకోటి లేదు. పక్క జట్ల వాళ్ళు పనులాపి తిరిగి చూశారు. మేస్త్రమ్మకు గుండె ఉప్పొంగింది. చిన్నది రెండు చేతులూ చంకల్లో దాచుకుని దూరంగా నిలబడింది, పొరపాటున కూడా తగలకుండా.

అప్పుడు మేస్త్రమ్మకు వినిపించింది. ఆ అరుపు అడుగున ఎక్కడో, పంటి కింద ఇసుక పడ్డట్టు, ఒక్క 'కిర్రు'. అంతలోనే లేదు. మళ్ళీ ఉంది.

మెరుపు హెల్మెట్ పెట్టుకున్నాడు. "అదిరింది!" అని బొటనవేలు చూపించి గీత దగ్గరికి పోనిచ్చాడు.

మేస్త్రమ్మ రెండడుగులు ముందుకేసి ఆగింది. చెవికి తెలుస్తోంది కానీ ఎక్కడో తెలియడం లేదు. ఇంజను విప్పే టైము లేదు. చెప్పగలిగింది ఒక్క చిన్నదే. పిలిచిందా, ఇంతమంది ముందు మళ్ళీ ఆ చెయ్యే, ఆ పలక మీద మళ్ళీ ఆ పేరే. పిలవకపోతే? ఎవరికీ తెలియదు. బహుశా ఏమీ కాదు. ఆ "బహుశా"ను పట్టుకుని ఆమె ఎంతసేపు నిలబడిందో గానీ, బళ్ళన్నీ వరస కట్టేశాయి. జెండా పట్టుకున్నాయన చెయ్యి ఎత్తబోతున్నాడు.

మేస్త్రమ్మ పరిగెత్తింది. బండికి అడ్డంగా నిలబడి, "ఆపండి! దించండి బండిని!" అని కేక పెట్టింది. తర్వాత వెనక్కి తిరిగి, ఆరు వారాల్లో మొదటిసారి, "చిన్నా, ఇలా రావే" అంది.

బండిని పక్కకు లాగారు. చిన్నది వేళ్ళు తడుపుకుని సిలిండరు మీద ఆనించింది. ఇనుము గాజైంది. చాలాసేపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"నాకేం కనబడట్లేదక్కా. అంతా బాగానే ఉంది."

"చూశావా!" అన్నాడు మెరుపు. అక్కడ జెండా ఊగింది, మిగతా బళ్ళు దుమ్ము రేపుతూ వెళ్ళిపోయాయి.

చిన్నది చెయ్యి తియ్యలేదు. "కానీ నీకు వినబడిందంటే ఉన్నట్టే. ఎక్కడో చెప్పు, అక్కడే చూస్తాను."

మేస్త్రమ్మ ప్లగ్గు ఊడదీసి, బండిని గేరులో వేసి, వెనక చక్రాన్ని మెల్లగా తిప్పమంది. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి పిడి చెవికి పెట్టుకుంది. "పైకి... ఇంకా... ఇదిగో, ఇక్కడ. పిన్ను దగ్గర."

చిన్నది ఊపిరి బిగబట్టి అరచేతిని గట్టిగా నొక్కింది. పిస్టను కూడా గాజైంది, దాని వెనక పిన్నూ గాజైంది. బేరింగు గూడుకి అడ్డంగా తలవెంట్రుకంత చీలిక.

మేస్త్రమ్మ వంగి చూసింది. చీలిక చూడటానికే వంగింది. కానీ చూపు పోర్టుల మీద ఆగిపోయింది. అద్దం ముక్కలో వంకరటింకరగా తప్ప ఎన్నడూ చూడని తన పని. అంచుల్లో ఎక్కడా పదును లేదు, వాలులో ఎక్కడా తడబాటు లేదు. ఏడాదిగా కంటి ముందే ఉంది, మొహం తిప్పుకోకపోతే ఎప్పుడో చూసుకునేది.

"రోజూ ఇదే చూసేదాన్ని," అంది చిన్నది. "ఎలా చెక్కావో అడుగుదామంటే కొడతావేమోనని భయం."

షెడ్డుకి వచ్చి విప్పేదాకా మెరుపు మూతి ముడుచుకునే ఉన్నాడు. పిన్ను లాగగానే బేరింగు గూడు రెండు ముక్కలై ఆయన అరచేతిలో పడింది. మూడో మలుపు దగ్గర, పూర్తి వేగంలో, అది లోపల విరిగితే వెనక చక్రం బిగుసుకుపోయేది. ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. ఆ ముక్కలు తిప్పి చూస్తూ, "అంత గోలలో నీకెలా వినిపించింది?" అన్నాడు.

"అది చెప్పాలంటే పొద్దుపోతుంది."

"పోనీ. చెప్పు."

ఆమె చెప్పింది. ఆయన విన్నాడు.

అలాగని కడుపులో ఆకురాయి ఆగలేదు. ఆ పందెం గెలిచిన జట్టు మేస్త్రి వారం తిరక్కుండా చిన్నదాన్ని పనికి పిలిచాడు. ఇద్దరూ కిరసనాయిలు బేసిను ముందు కూర్చున్నప్పుడు చిన్నది ఆ మాట బయటపెట్టింది.

"వెళ్ళనా?"

"ఉండమంటే రోజూ నిన్ను చూసి కుళ్ళుకుంటాను," అంది మేస్త్రమ్మ. "నిజం చెబుతున్నా."

"తెలుసక్కా. అది కనబడ్డానికి చెయ్యి పెట్టక్కర్లేదు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. తర్వాత మేస్త్రమ్మ తన దగ్గరున్న వాటిల్లో మంచి ఆకురాయి ఏరి చెల్లెలి చేతిలో పెట్టి, పోర్టు అంచు ఎలా అరగదీయాలో నెలరోజులు నేర్పించి పంపింది.

మరుసటి ఏడు మొదటి పందెంలో మెరుపు అరచక్రం తేడాతో ఓడిపోయాడు. గెలిచిన ఇంజను కట్టింది చిన్నది. పలక మీద ఆమె పేరు రాస్తుంటే మేస్త్రమ్మ ఒక్కో అక్షరం చదివింది. కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. అవతలి గుడారం నుంచి చిన్నది చెయ్యి ఊపింది. మేస్త్రమ్మ ఊపలేదు. పళ్ళు నూరుతూ, నవ్వాపుకుంటూ, జనాన్ని తోసుకుని మైకాయన దగ్గరికి నడిచింది.

"వచ్చే పందెం ఎప్పుడండీ?"