గాలి ఓడకు తుప్పు

కార్ల మరమ్మతు షెడ్డులో రంగు టచప్ చేసే పని ఆమెది, అందుకే అందరూ ఆమెను టచప్పక్క అని పిలిచేవాళ్లు. గీతలు పడిన తలుపు, సొట్టపోయిన బంపరు ఏది తెచ్చినా ఆమె చేతిలో పడితే దెబ్బ తగిలిన ఆనవాలు మిగిలేది కాదు. తెలుపంటే ఒక తెలుపు కాదని, ఎండలో ఏళ్ల తరబడి నిలబడ్డ బండి తెలుపులో ఒక పిసరు పసుపు దాగి ఉంటుందని ఆమెకు తెలుసు. బండి తీసుకోవడానికి వచ్చినవాడు గీత ఎక్కడుండేదో తనే మరిచిపోయి, వేళ్లతో తడుముతూ చుట్టూ తిరుగుతుంటే ఆమె దూరంగా నిలబడి చేతులు తుడుచుకునేది. తన పని కంటికి కనబడకపోవడమే ఆమెకు గర్వం.

ఇంట్లో ఆమె కోడలు. భర్త అచ్చుయంత్రం నడుపుతాడు, కూతురు కాలేజీలో చదువుతోంది, మామగారు ఒకప్పుడు కుట్టుమిషన్లు బాగుచేసేవారు. మోకాళ్లు మొరాయించాక ఆయన టైలరు దుకాణాల చుట్టూ తిరగడం మానేశారు. ఆయన మంచం కింద బాబిన్లు, స్ప్రింగులు, పళ్లచక్రాలు నింపిన డబ్బాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. మామాకోడళ్ల మధ్య గొడవలేమీ లేవు. మాటలూ లేవు. భోంచేస్తారా మామయ్యా అని ఆమె అడగడం, పెట్టమ్మా అని ఆయన అనడం, అంతటితో ఆ పూట సంభాషణ అయిపోవడం. ఇద్దరూ మితభాషులే కాబట్టి అది లోటని ఎవరికీ తోచలేదు.

ఒకనాడు కూతురు తన ఫోనులో తాతయ్యకు ఒక బొమ్మ చూపించింది. సొరకాయలాంటి పెద్ద బుడగ, దాని కింద వేలాడే ఓడ, ఓడ నిండా ఇత్తడి గొట్టాలు, పళ్లచక్రాలు. కరెంటూ పెట్రోలూ రాకుండా లోకమంతా ఆవిరితోనే నడిచి ఉంటే యంత్రాలు ఎలా ఉండేవో ఊహించి కడతారట. దాన్ని స్టీమ్‌పంక్ అంటారని పిల్ల చెప్పింది. ఆయనకు స్టీమ్ పంకా అని వినబడింది. పంకా ఎక్కడుందని బొమ్మంతా వెతికి, ఓడ వెనక తిరిగే రెక్కలు చూసి, ఇదిగో ఉందిలే అని తృప్తిపడ్డారు. ఆ రోజు నుంచీ ఇంట్లో దాని పేరు పంకాయే.

మర్నాడే ఆయన డబ్బాలు బయటికి లాగారు. సన్నటి చెక్క బద్దలను నీళ్లలో నానబెట్టి వంచి బుడగకు పక్కటెముకలు కట్టారు, వాటిమీద పొరలు పొరలుగా కాగితం అంటించారు. రేకు కత్తిరించి ఓడ చేశారు. ఇనప బాబిన్లు కిటికీలయ్యాయి. మిషన్లకు నూనె వేసే డబ్బా ముక్కు పొగగొట్టమైంది. ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ ఒక పళ్లచక్రం అతికించారు. మూరెడు పొడవున తయారైన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, రంగు వెయ్యాలమ్మా అన్నారు. ఆయన తనను ఒక పని అడగడం కోడలికి గుర్తున్నంతలో అదే మొదటిసారి.

షెడ్డుకు సెలవున్న రోజు చూసుకుని ఆమె దాన్ని అక్కడికి తీసుకెళ్లింది. ప్రైమరు కొట్టి, ఎమరీ కాగితంతో రుద్ది, ఓడకు ముదురాకుపచ్చ, గొట్టాలకు రాగిరంగు, పైన మెరుపు పూత వేసింది. ఎక్కడా ఒక చుక్క జారలేదు, ఒక నలుసు అంటలేదు. ఇంటికి తెచ్చి బల్లమీద పెడితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, అన్ని వైపుల నుంచీ చూశారు.

“బాగుందమ్మా. పెళ్లికి బయల్దేరినట్టుంది,” అన్నారు. బల్లకేసి చూస్తూ, “కాకపోతే ఇది చాలా ఏళ్లు తిరిగిన ఓడ,” అన్నారు.

ఆమె మనసు చివుక్కుమంది. గిన్నెలు కడుగుతున్నంతసేపూ ఆ మాటే చెవిలో గింగురుమంది. తుప్పు గీకమన్నవాళ్లే తప్ప తుప్పు పుట్టించమన్నవాళ్లు ఆమెకు ఇంతవరకూ తగల్లేదు. ఆలోచించగా ఆలోచించగా ఇంకో సంగతి తట్టింది. తుప్పు ఎక్కడ పడుతుందో తెలుసు, ఎలా వదిలించాలో తెలుసు. అది ఎలా ఉంటుందో మాత్రం ఎన్నడూ నిదానంగా చూడలేదు. కనబడీ కనబడకముందే ఆమె చేతిలోకి ఎమరీ కాగితం వచ్చేసేది.

అప్పటినుంచి ఆమె చూపు మారింది. వీధి గేటు దగ్గర వంగి కింది బందును చూసింది. మధ్యలో దాదాపు నల్లగా, అంచులకు వచ్చేసరికి నారింజ రంగులో, అక్కడి నుంచి కిందికి టీ ఒలికినట్టు ఒక చార. బస్సులో పట్టుకునే కడ్డీకి రంగంతా పోయి లోపలి ఇనుము అద్దంలా మెరుస్తోంది. దానికి తుప్పు లేదు. ఆ కడ్డీ నేలను తాకే చోట, ఎవరి చెయ్యీ చేరని మూలన మాత్రం గుప్పెడు తుప్పు. ఆమె దిగాల్సిన స్టాపు దాటిపోయింది. చెయ్యి తగిలే చోట అరుగుతుంది, చెయ్యి తగలని చోట తుప్పు పడుతుంది, రెండూ పాతవే అయినా రెండూ ఒకటి కాదు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ తనకెందుకు తట్టలేదా అని నవ్వుకుంటూ వెనక్కి నడిచింది.

అయితే ఇక్కడే చిక్కొచ్చి పడింది. ఓడ ఎక్కడ అరగాలో తెలియాలంటే ఎవరు ఎక్కడ చెయ్యి వేస్తారో తెలియాలి. అది చెప్పాల్సింది కట్టినాయన. భోజనాల దగ్గర ఆమె అడగడం మొదలుపెట్టింది. చుక్కాని తిప్పేది ఎవరు, ఏ చేత్తో తిప్పుతారు? నిచ్చెన ఎక్కేటప్పుడు ముందు ఏ కాలు పెడతారు? వాన పడితే నీళ్లు ఎటు జారతాయి? ఆయన మొదట్లో ఏదో ఒకటి చెప్పారు, తర్వాత బొమ్మే కదమ్మా అన్నారు. ఆమె ఊరుకోలేదు.

“పొగగొట్టం నిటారుగా ఉంది కదా మామయ్యా. సరిగ్గా దాని నెత్తినే బుడగుంది. నిప్పురవ్వ ఎగిరితే ఎలా?”

ఆయన నోటి దగ్గర ముద్ద ఆగిపోయింది. ఓడ కదలకుండానే కాలిపోయిందన్నమాట అని భర్త నవ్వాడు. మామగారు నవ్వలేదు. చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయారు. ఇన్నేళ్లూ నోరు మెదపనిదాన్ని ఇప్పుడెందుకు లొడలొడా వాగానా అని కోడలు తనను తాను తిట్టుకుంది.

మర్నాటి సాయంత్రం ఆమె షెడ్డు నుంచి వచ్చేసరికి ఓడ పాత కాగితాల మీద ముక్కలై ఉంది. పొగగొట్టం ఒక పక్క, చక్రాలన్నీ ఒక పళ్లెంలో. ఆయన తలెత్తకుండానే, “నువ్వడిగింది నిజమే. అదొక్కటే కాదు. ఈ చక్రాల్లో సగం దేన్నీ తిప్పడం లేదు. ఇలా కూర్చో,” అన్నారు.

ఆమె సంచి పక్కన పెట్టి నేలమీద కూర్చుంది. ఆయన ఒక్కో చక్రాన్నీ చేతిలోకి తీసుకుని, నీ పనేమిటి అని ఉద్యోగానికి వచ్చినవాణ్ణి అడిగినట్టు అడిగారు. జవాబున్న చక్రం ఓడలోకి, లేనిది డబ్బాలోకి. చూడ్డానికి ముచ్చటగా ఉందని ఆమె ఒకదాన్ని దాచబోతే ఆయన ఒప్పుకోలేదు. కూర్చుని తినేవాళ్లకు ఇందులో చోటు లేదన్నారు. పొగగొట్టాన్ని మోచెయ్యిలా వంచి వెనక్కి తిప్పారు. అలాగైతే మసి తోకమీద పడుతుందని ఆమె అంది. పడనీ, ఎవడో ఒకడు తుడుస్తాడులే అన్నారాయన. అయితే తుడిచిన గుడ్డ చారలు కూడా వెయ్యాలన్నమాట అనుకుంది ఆమె. ఆ పూట వంట ఆలస్యమైంది. తన తండ్రీ, భార్యా అన్నన్ని మాటలు ఆడుకోవడం భర్త గుమ్మంలో నిలబడి వింతగా చూశాడు.

ఇక రంగు. పెచ్చులూడిన రంగు గీస్తే రాదని ఆమెకు ఒకటి రెండు ప్రయత్నాలతోనే అర్థమైంది. గీసింది గీసినట్టే ఉంటుంది. నిజంగా ఊడాలి. ఆమెకు పని నేర్పిన మేస్త్రి గుర్తొచ్చాడు. రేకుమీద చెమట చుక్క పడనిస్తే చాలు, నాలుగు రోజుల్లో రంగు లేచిపోతుందని నెత్తిన మొట్టేవాడు. చెమటంటే ఉప్పే కదా. ఆమె ఒక పాత డబ్బా మూతకు తుప్పురంగు పూసి, తడి ఆరకముందే గల్లుప్పు చల్లి, ఆరాక పైన ఆకుపచ్చ కొట్టింది. అదీ ఆరాక తడి బ్రష్షుతో రుద్దింది. ఉప్పు కరిగి, తనమీది రంగును కూడా వెంట తీసుకుపోయింది. వాన తిన్న రేకులా, అక్కడక్కడా పెచ్చులూడి, లోపలి నుంచి ఎర్రగా తుప్పు తొంగిచూసింది. ఏళ్ల తరబడి జరగకుండా కాపలా కాసిన పొరపాటును కావాలని చేసి, అది ఇంత అందంగా రావడం చూసి ఆమె ఆ మూత పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ఆ రోజు కూరలో ఉప్పు లేదని భర్త లేచి వెళ్తే ఉప్పు డబ్బా రంగు సీసాల మధ్య దొరికింది.

ఆకుపచ్చ అయింది, రాగి గొట్టాల కీళ్ల దగ్గర చిలుమూ పట్టింది. ఇంజను గది దగ్గరికి వచ్చేసరికి ఆమె బ్రష్షు ఆగింది. గది చుట్టూ పట్టుకునే కడ్డీలు ఒక వరస కాదు, రెండు వరసలున్నాయి. ఓడలో ఇంకెక్కడా అలా లేదు. పక్కన చిన్న తీగతో ఒక అంగుస్తాన వేలాడుతోంది. కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఆ ఇత్తడి తొడుగుకు పిడి పెట్టి బకెట్టులా చేశారాయన. బొగ్గు మోసేదైతే లోపల నల్లగా ఉండాలి, నీళ్లదైతే చిలుము పట్టాలి. ఆమె అడిగింది. ఏదో బకెట్టులేమ్మా అన్నారాయన. ఏ రంగు వెయ్యమంటారని మళ్లీ అడిగింది. నీ ఇష్టమన్నారు. ప్రతి చక్రానికీ లెక్క అడిగిన మనిషి బకెట్టు దగ్గర నీళ్లు నమలడం ఆమెకు వింతగా తోచింది.

“ఏమీ మొయ్యనిదైతే డబ్బాలో వేసేద్దాం మామయ్యా,” అంది.

ఆయన చాలాసేపు స్క్రూడ్రైవరును చేతిలో అటూ ఇటూ తిప్పారు.

“అది ఇంజనువాడిది. వాడికి వాంతులవుతాయి,” అన్నారు చివరికి.

ఆ తర్వాత మెల్లమెల్లగా అంతా చెప్పారు. పడుచువయసులో ఆయనకు నది దాటించే లాంచీలో ఇంజను సహాయకుడి పని దొరికింది. చప్పుడు విని ఇంజనుకు ఏం జబ్బో చెప్పేవారట. ఒడ్డున కట్టేసి ఉన్నంతసేపూ ఆయనంత పనిమంతుడు లేడు. లాంచీ కదిలి నది మధ్యకు వెళ్లేసరికి కడుపులో తిప్పేది. లాంచీ యజమాని మంచివాడు, పోనుపోను అలవాటవుతుందని ఒక బకెట్టు పక్కన పెట్టించాడు. అలవాటు కాలేదు. మిగతా పనివాళ్లు ఆయన్ని పేరుతో పిలవడం మానేసి బకెట్టూ అని పిలవడం మొదలుపెట్టారు. ఒకరోజు ఒడ్డు చేరాక దిగి మళ్లీ ఎక్కలేదు. కదలకుండా ఉండే యంత్రం ఏదైనా ఉందా అని వెతుక్కుంటే కుట్టుమిషను కనబడింది. ఈ సంగతి కొడుక్కి కూడా చెప్పలేదట.

కోడలికి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, కళ్లలోంచి నీళ్లొచ్చాయి. నొచ్చుకున్నారేమోనని చూస్తే ఆయన భుజాలు కూడా కదులుతున్నాయి.

“మరి ఈ ఓడలో ఆ ఇంజనువాడు ఏం చేస్తాడు?” అని అడిగింది ఊపిరి తీసుకుని.

“కళ్లు తిరుగుతాయి. రెండు కడ్డీలూ గట్టిగా పట్టుకుంటాడు. దిగడు.”

ఆమె పనిలో దిగింది. రెండు కడ్డీలనూ మనిషి చెయ్యి అందే ఎత్తులో వెండిలా మెరిసేదాకా అరగదీసింది. బకెట్టు పిడిని కూడా అరగదీసింది. లోపల మాత్రం ఏ మరకా వెయ్యలేదు. మాటిమాటికీ కడుగుతాడు కాబట్టి శుభ్రంగానే ఉంటుందని ఆమె అంటే, కడిగేవాణ్ణి అని ఆయన ఒప్పుకున్నారు.

ఓడ పూర్తయిందని తెలిసి, ఒకప్పుడు ఆయన మిషన్లు బాగుచేసిపెట్టిన టైలరమ్మ దాన్ని తన దుకాణం అద్దాల బీరువాలో పెట్టుకుంటానని అడిగి పట్టుకెళ్లింది. రోడ్డున పోయేవాళ్లు ఆగి అద్దానికి ముక్కు ఆనించి చూసేవాళ్లు. ఒక పెద్దాయన అయితే చిన్నప్పుడు ఇలాంటిది ఆకాశంలో పోతుంటే తాను కళ్లారా చూశానని పందెం కాశాడట. ఇలాంటివి ఎప్పుడూ ఎగరలేదని టైలరమ్మ ఎంత చెప్పినా వినలేదట. ఎగరకపోతే ఇంత తుప్పెలా పడుతుందని ఎదురు ప్రశ్న వేశాడట. మామగారు ఆ మాట తెచ్చి కోడలికి చెప్పినప్పుడు ఆమె అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంతకుముందెవరూ ఆమె పనిని అంతగా నమ్మలేదు.

షెడ్డులో ఆమె పని మారలేదు. గీత కనబడకుండా చెయ్యడమే ఆమె పని. మొన్నీమధ్య ఒక వ్యాను డ్రైవరు తన తెల్ల బండి తెచ్చి ఒళ్లంతా కొత్తగా చెయ్యమన్నాడు. మునుపైతే అతను చెప్పింది విని ఎమరీ కాగితం అందుకునేదే. ఆమె తలుపు మీది పొడుగాటి గీతను వేలితో చూపించి, ఇదెలా పడిందని అడిగింది. అతను అనుమానంగా చూసి, తర్వాత బండికి ఆనుకుని నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. సందులో ఎదురుగా ఒక గేదె వచ్చిందట, వెనక్కి పోదామంటే వెనక ఇంకో గేదె ఉందట, మధ్యలో ఇరుక్కుని బండి గోడకు రాసుకుందట. అంతా విని, నవ్వి, ఆమె ఆ గీతను ఆనవాలు లేకుండా పూడ్చేసింది.

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ మామగారికి ఆ కథ చెప్పింది. ఆయన ముద్ద కలుపుతూ విని, గీత ముందు నుంచి వెనక్కి పోయిందా, వెనక నుంచి ముందుకొచ్చిందా అని అడిగారు. ఆమె చూడలేదు. తెలుపు మీద తెలుపు కలపడంలో పడి అసలు సంగతి వదిలేసింది.

“రేపు బండి తీసుకోడానికి వస్తాడు కదా,” అన్నారాయన. “ఏ గేదె ముందు కదిలిందో అడుగు.”