తెర వెనక చెయ్యి

"లోపలెవరండీ? కాఫీ అండీ."

తెర అవతల మా వారి గొంతు. కుంపటి మీద పాలు దించి, కాఫీ కలిపి, రెండు గ్లాసులూ తెర సందులోంచి ఒకటొకటిగా అందించాను. నా చెయ్యి మణికట్టు దాకా అవతలికి వెళ్ళింది. ఎవరో గ్లాసు తీసుకున్నారు. చెయ్యి వెనక్కి వచ్చింది. మా కాపురమంతా అంతే. ఇంతకంటే వర్ణించడానికి ఏమీ లేదు.

మాది గణపవరం దగ్గర రాజుల కుటుంబం. ఘోషా. పగటిపూట ఇంట్లో మగవాళ్ళు మాట్లాడేది తెరతోనే. దాని వెనక తల్లి ఉందో, పినతల్లి ఉందో, పెళ్ళాం ఉందో వాళ్ళకి తెలియదు గనక పేరు పెట్టి పిలవకూడదు, "ఏమే" అనకూడదు. అందుకని అందరికీ కలిపి ఒకటే పిలుపు, "లోపలెవరండీ." వినడానికి ఎంత మర్యాద! వచ్చిన చుట్టాలు కూడా "ఆడవాళ్ళని మన్నించడం మీ దగ్గరే నేర్చుకోవాలండీ" అని ముచ్చటపడి పోయేవాళ్ళు. ఎవరున్నారో చెబితే ఆ మగవాళ్ళు ఏం చేసుకుంటారు? వాళ్ళకి కావలసింది కాఫీ.

పంతొమ్మిది వందల ముప్పయ్యయిదో సంవత్సరం మాఘంలో అత్తగారి మొక్కు చెల్లించడానికి బెజవాడ దుర్గమ్మ దగ్గరకి బయల్దేరాం. మా వారు బాపిరాజుగారు తాడేపల్లిగూడెంలో లాంచీ మాట్లాడారు. ఆయన స్నేహితుడు ప్లీడరు సుందరరావుగారు తోడు వచ్చారు. పరాయి మగవాడు ఉన్నాడు గనక లాంచీని మధ్యకి తెరకట్టి రెండు చేశారు. ముందు సగం వాళ్ళది. గాలీ, వెలుతురూ, పేకముక్కలూ, గట్టున జరిగిపోయే ఊళ్ళూ వాళ్ళవి. వెనక సగం మాది. ఇంజను వేడీ, కుంపటీ, గిన్నెలూ, అత్తగారు వెంకటనరసమ్మగారూ, నేనూ. ఆవిడకి రెండు కళ్ళకీ శుక్లాలు. వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలియదు. గాజుల చప్పుడు పట్టి నన్ను ఆనవాలు కట్టేది. విహారానికి వెళుతున్నామని ఊళ్ళో అందరూ మమ్మల్ని చూసి ఈర్ష్యపడ్డారు.

ఏలూరు చేరేసరికి బాగా పొద్దెక్కింది. కాలవ లాకు తలుపులు బాగుచేస్తున్నారని లాంచీని గట్టుకి కట్టేశారు. లాంచీ నడిపే సరంగు వచ్చి చెప్పడం తెరలోంచి విన్నాను.

"దీపాలవేళ దాకా వదలరంటండి. తమరు ఊరు చూసొస్తామంటే అదిగోనండి, ఆ షెడ్డులో బాడుగ కారుందండి. తివాచీలు నేసేది చూడొచ్చు, కొల్లేరు దాకా పోయి రావొచ్చండి. మొన్న పడవ ఆగితే ఒక దొర అలాగే వెళ్ళొచ్చాడండి."

కొల్లేరు! నేను పుట్టింది కలిదిండిలో. మా ఊరి మగపిల్లలు దోనెలు వేసుకుని కొల్లేరు పోయి బురదకాళ్ళతో తిరిగొచ్చేవాళ్ళు. సాయంకాలం పక్షులు గుంపులుగా మా పెంకుటింటి మీదుగా పోయేవి. వాటి రెక్కల చప్పుడు విన్నాను. నడవాలో నేల మీద పారిపోయే నీడలు చూశాను. కొల్లేరు మాత్రం చూడలేదు. ఈడొచ్చేదాకా చిన్నపిల్లవన్నారు, ఈడొచ్చాక గోడ, పెళ్ళయ్యాక ఇంకో గోడ. ఆ గోడ నుంచి ఈ గోడకి తెరకట్టిన బండిలో తెచ్చారు.

అత్తగారి చెవిలో అడిగాను. ఆవిడ మంచిదే, అడగనైతే అడిగింది.

"బాబూ, కోడలమ్మ కొల్లేరు చూస్తానంటోందయ్యా."

"కొల్లేట్లో ఏముంటుందండీ, నీళ్ళు. ఇక్కడేమున్నాయి, నీళ్ళే కదండీ. తెర కాస్త పక్కకి లాక్కుని చూసుకోమనండి" అన్నారు మా వారు.

సుందరరావుగారు పకపకా నవ్వారు. ఆయన సభల్లో స్త్రీ స్వాతంత్ర్యం మీద ఉపన్యాసాలిచ్చే మనిషి. ఒకటి పేపర్లో పడితే, బెల్లం చుట్టి వచ్చిన ఆ కాగితాన్నే కూడబలుక్కుని చదివాను కూడా. "స్త్రీలకు విహారం ఉండాలి బాపిరాజుగారూ, సిద్ధాంతం నేనొప్పుకుంటాను. మరి మన పకోడీల సంగతేంటండీ?"

మళ్ళీ నవ్వులు. "లోపలెవరండీ? విన్నారుగా, పకోడీలండీ."

పకోడీలు వేసిపెట్టాను. చెయ్యి వెళ్ళింది, వచ్చింది. అత్తగారు నిద్రపోయింది. చేతికంటిన శనగపిండిని కాలవనీళ్ళతో శుభ్రంగా కడుక్కున్నాను. కడుక్కుంటూ అనుకున్నాను, వీళ్ళకి పెళ్ళాం అక్కర్లేదు, మణికట్టు దాకా ఉంటే చాలు. నా తక్కిన ఒళ్ళంతా దండగ. అలాంటప్పుడు ఆ తక్కినదాన్ని నేను తీసుకుపోతే ఎవరికి నష్టం?

దిగితే ఏమవుతుందో నాకు తెలియక కాదు. మా చిన్నమామగారి కోడలు ఒకసారి చెప్పకుండా పక్కవీధి పేరంటానికి వెళ్ళింది. ఆనాటి నుంచి వెనక గదిలోనే ఉంది. కంచం గుమ్మంలో పెట్టి తలుపేస్తారు. ఆవిణ్ణి ఎవరూ తిట్టరు. "వారికి ఒంట్లో బాగుండదండీ" అంటారు, మర్యాదగా. నేను వచ్చేలోగా ఒక్క కేక పడి, తెరలోంచి చెయ్యి రాకపోతే ఆ గది పక్క గది నాది. అయినా వెనకవైపు వేసిన బల్ల మీదుగా గట్టు మీదికి దిగాను. ముసుగు నుదుటి దాకా లాక్కుని ఎవరి వెనకా కాకుండా నడిచాను.

షెడ్డులో కారుకి కిటికీలన్నిటికీ తెరలున్నాయి. డ్రైవరు మొహిద్దీన్ పెద్దవాడు. నన్ను చూడగానే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"మగవారెవరూ రారాండి?"

"రారు. కొల్లేరు పోవాలి. దీపాలవేళకి లాకు దగ్గర ఉండాలి."

"అలాగేనండి. ఘోషావారిని తిప్పడం నాకలవాటేనండి. అద్దానికి గుడ్డ కప్పేస్తాను, వెనక్కి చూడను. ఒకసారి సీటు మీద తడితే ఆపుతానండి, రెండుసార్లు తడితే పోతానండి." కొంచెం ఆగి అన్నాడు. "మా ఇంటావిడ మహబూబ్ బీ కూడా పరదాయేనండి. ఏలూర్లో పుట్టి ఈ కాలవ చూడలేదు."

"కారు నీదేగా. తిప్పలేకపోయావా?"

అతను ముందుకి వెళ్ళి ఇంజను తిప్పాడు.

అమ్మ ఇచ్చిన పసుపుకుంకుమ రూపాయలు కొంగున ముడివేసి ఉన్నాయి, వాటితో సరిపోయింది. ఊరు దాటగానే తెర మొత్తం పక్కకి లాగేశాను. కోతలైన చేలు, వరికుప్పలు, గేదెలు. ఇవన్నీ రోజూ ఉన్నాయన్నమాట! కానీ సుఖంగా చూడనివ్వలేదు నా చెవులు. ఇంజను చప్పుడులో, గాలిలో, ఎడ్లబండి కిర్రులో, "లోపలెవరండీ." రెండుసార్లు నా నోటంట "నేనేనండీ" అని వచ్చేసింది.

"ఏమన్నారండి?" అన్నాడు మొహిద్దీన్, తల తిప్పకుండా.

"నిన్ను కాదు."

కొంతదూరం పోయాక కుడి అరచెయ్యి వేడెక్కింది. ఎండ కాదు. వేడి గ్లాసు పట్టుకున్నప్పుడు ఎక్కడ కాలుతుందో సరిగ్గా అక్కడే. కాసేపుండి చల్లారింది, గ్లాసు ఎవరో తీసుకున్నట్టు.

గట్టు అయిపోయిన చోట కారు ఆగింది. దిగాను. కొల్లేరు నా ఎదురుగా ఉంది.

నీళ్ళే. ఆయన అన్నది అక్షరాలా నిజం. కానీ ఆ నీళ్ళకి అవతలి గట్టు లేదు. నా కంటికి ఎన్నడూ అంత దూరం పని పడలేదు, చూపు ఎక్కడా ఆనక కంట నీళ్ళు కారాయి. గాలి లేదు. తుంగ కదలడం లేదు. గూడబాతులు వేలకి వేలు నీళ్ళ మీద కూర్చుని ఉన్నాయి, ఒక్కటీ అరవడం లేదు. అన్నీ ఒకే వైపుకి, నా వైపుకి తిరిగి ఉన్నట్టనిపించింది.

తుంగలోంచి తాటిదోనె ఒకటి వచ్చింది. గెడ వేస్తున్నది నడివయసు మనిషి, చీర మోకాళ్ళ పైకి దోపుకుంది, దోనె అడుగున చేపలు.

"ఎవరండీ తమరు? చేపలు కావాలాండీ?"

"గణపవరం బాపిరాజుగారి ఇంటి..."

"ఆరితో నాకేం పనండీ? ఆరు రాలేదుగా! తమరెవరండీ?"

నోరు తెరిచాను. పేరు రాలేదు. కోడలమ్మ వచ్చింది, వదినగారు వచ్చింది, "లోపలెవరండీ" వచ్చింది. నా పేరు రాలేదు.

ఆవిడ విరగబడి నవ్వింది. "పేరు వంటింట్లో పెట్టి తాళం వేసొచ్చారేంటండీ బాబూ!" నవ్వుతూ నవ్వుతూ నా చేతులకేసి చూసి ఆగింది. "ఆ పిండేంటండీ?"

చూసుకున్నాను. రెండు చేతులకీ శనగపిండి. పచ్చిగా, తడిగా, వేళ్ళ సందుల్లోంచి జారుతోంది. కూర్చుని కొల్లేటి నీళ్ళలో కడుక్కున్నాను. పిండి పసుపుపచ్చగా నీళ్ళలోకి దిగిపోయింది, చేపపిల్లలు వచ్చి తిన్నాయి. చేతులు పైకి తీసి కొంగుకి తుడుచుకున్నాను. ఆవిడ చూస్తుండగానే మళ్ళీ పిండి.

ఆవిడ చేపల మాట మరిచిపోయింది. గెడ గట్టిగా ఊని దోనెని వెనక్కి నెట్టుకుంది.

"అమ్మా, తమరిక్కడ లేరండీ," అంది మెల్లిగా. "తమరెక్కడో వంట చేస్తున్నారండీ."

తుంగలోకి వెళ్ళిపోయింది. నాకు పారిపోయి కారెక్కి తెరలు వేసుకుందామనిపించింది. ఆ తర్వాత కోపం వచ్చింది. చేస్తే చెయ్యనీ. ఆ చేతులు నావి కావు, ఏనాడూ కావు, నా దగ్గర పెట్టారంతే. కళ్ళు మాత్రం నావి. పిండిచేతులు ఒళ్ళో పెట్టుకుని, పొద్దు వాలేదాకా కూర్చుని, ఎంత కొల్లేరు పడితే అంత కొల్లేరు చూశాను. చూడగా చూడగా పేరు వచ్చింది. కాంతం. పైకి అన్నాను. పక్షులు ఒక్కసారిగా లేచాయి, ఆకాశం నల్లబడింది.

తిరుగుదారిలో ధైర్యమంతా కారిపోయింది. మధ్యాహ్నం కాఫీ అడిగి ఉంటారు. పేకాట మధ్యలో మంచినీళ్ళు అడిగి ఉంటారు. చెయ్యి వచ్చి ఉండదు. వెతికి ఉంటారు. గదికి తాళం కూడా చూసిపెట్టి ఉంటారు. "తొందరగా పోనీ" అని సీటు మీద తడుతూనే ఉన్నాను. చేతులు ఎప్పుడు పొడిగా అయిపోయాయో గమనించలేదు.

లాకు దగ్గర లాంచీ దీపాలు వెలిగించి ఉంది. గొడవేమీ లేదు. గట్టు మీద చీకట్లో నిలబడి చూశాను. మగవాళ్ళు భోజనానికి కూర్చున్నారు.

"మీ లోపలివారి చేతిలో అమృతం ఉందండీ," అంటున్నారు సుందరరావుగారు. "పొద్దుట్నించీ ఏది అడిగినా రెండోసారి పిలవాల్సిన పని లేకపోయింది."

"మా ఇంట్లో అలవాటండీ. లోపలెవరండీ? నెయ్యండీ."

తెర సందులోంచి చెయ్యి వచ్చింది.

ఆకుపచ్చ గాజులు. నావే, నా చేతికీ ఉన్నాయి. మణికట్టు మీద పిండి చార. నెయ్యి వేసి వెనక్కి వెళ్ళింది. మా వారు దాన్ని చూడలేదు. ప్లీడరుగారు చూడలేదు. చూసింది నేనే, జీవితంలో మొదటిసారి, అవతలి వైపు నుంచి. ఎంత చిన్న చెయ్యి అది.

వెనక బల్ల ఎక్కి, వాకిలికి కట్టిన గుడ్డ తొలగించాను. అత్తగారు పడుకుని ఉంది. కుంపటి ముందు ఒకామె, వీపు నా వైపు. నా చీరే. నా జడే. మెడ నేను వంచినట్టే వంచి ఉంది.

అత్తగారు తల ఎత్తింది. "బల్ల కదిలిందే. ఎవరు కోడలమ్మా?"

"ఎవరూ లేరండి అత్తయ్యగారూ" అంది ఆమె.

నా గొంతు. కాపురానికి వచ్చిన కొత్తలో నేర్చుకున్న ఆ మెత్తదనం, ఆ తగ్గింపు, అన్నీ నావే. ఆమె నాకేసి తిరగలేదు. ఎడమచెయ్యి మాత్రం వీపు వెనక్కి పెట్టి, వేళ్ళతో నెట్టినట్టు సైగ చేసింది. వెళ్ళు.

"నువ్వూ రా" అన్నాను గుసగుసగా. "ఇద్దరం పోదాం రా."

వేళ్ళు ఆగిపోయాయి. ఆమె తల కొద్దిగా ఇటు తిరగబోయింది. ఆ క్షణాన తెర అవతల నుంచి,

"లోపలెవరండీ? మజ్జిగండీ."

ఇద్దరం విన్నాం. "నేనేనండీ" నా గొంతుదాకా వచ్చింది. ఇన్నేళ్ళ అలవాటు, ఊపిరిలాగా దానంతటదే వస్తుంది. పలికానా, ఆ కుంపటి నాది, ఆమె మాయమవుతుంది. ఎలా తెలుసంటే చెప్పలేను, తెలుసు. పలికినవాళ్ళే ఉండిపోవాలి. నేను నాలుకని పళ్ళ మధ్య పెట్టి కొరికాను. నోట్లో ఉప్పగా రక్తం. పలకలేదు.

"తెస్తున్నానండీ" అంది ఆమె, లేచింది.

నేను బల్ల దిగాను. సరంగు వచ్చి బల్ల లోపలికి లాగేశాడు. లాకు తలుపులు తెరుచుకున్నాయి, లాంచీ బెజవాడ వైపు పోయింది. ఆ రాత్రి మొహిద్దీన్ ఇంట్లో మహబూబ్ బీ పక్కన పడుకున్నాను. అప్పటినుంచి ఏలూర్లోనే ఉన్నాను, ఆడవాళ్ళకి అక్షరాలు చెబుతున్నాను, తెరలు కట్టిన ఇళ్ళ ముందు నిలబడి నోరు చేసుకుంటున్నాను, రాళ్ళు కూడా తిన్నాను. గణపవరం ఎంత దూరమనీ? మా వారు ఎన్నోసార్లు ఈ కాలవ మీద వచ్చి వెళ్ళారు. పోలీసు రిపోర్టు లేదు, పేపర్లో ప్రకటన లేదు, కర్మ చేసి తిలోదకాలివ్వడమూ లేదు. నన్నెవరూ వెతకలేదు. వెతకాలంటే ఇంట్లో ఒక మనిషి తక్కువ కావాలి కదా.