కంచె లోపల గింజల పాట

మా డెల్ఫా వదిన పెళ్లయి మా ఇంటికి వచ్చిన రోజున ఒక చేతిలో బట్టల పెట్టె, రెండో చేతిలో పిండి సంచీలో చుట్టిన బాంజో అనే తీగల వాయిద్యం పట్టుకుని బండి దిగింది. మా అమ్మ ఆ సంచీ చూసి, కోడలు పిండి తెచ్చిందనుకుని ఎంతో సంతోషించింది. లోపల ఉన్నది చూశాక రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వదిన పాలు పితికే పీట మీద కూర్చుని వాయిస్తుంటే తలుపు చాటు నుంచి వింది. ఆ తరవాత పీట ఎవరికీ ఇచ్చేది కాదు, కోడలికి కావాలని.

ఆ రోజుల్లో మా కెంటకీ కొండల్లో బాంజో వాయించే ఆడవాళ్లు లేకపోలేదు. ఇంట్లో, తలుపేసుకుని వాయించుకునేవాళ్లు. పట్నం వెళ్లి రికార్డు ఇవ్వాలంటే మాత్రం మొగుడు వాయించాలి, పెళ్లాం పక్కన నిలబడి పాడాలి. మా వదిన ఒక్కతే రైలెక్కింది. అక్కడి వాళ్లు "వాయించేవాడు ఏడమ్మా?" అని అడిగారట. "ఇంట్లో ఆవుని చూసుకుంటున్నాడు" అందట. అబద్ధమేం కాదు. మా హోబర్ట్ అన్నయ్య ఆ రోజంతా ఆవు దగ్గరే ఉన్నాడు, భయంతో అన్నం కూడా తినకుండా.

అలా వచ్చిన మొదటి రికార్డే గింజల పాట. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతూ ఎవరొస్తున్నారో చెబుతుంటాయి, అంతే ఆ పాట. అది రేడియోలో మోగాక ఈ చుట్టుపక్కల ఆడపిల్లలున్న ఏ ఇంట్లోనూ తండ్రులకి నిద్ర లేదు, నాకూ బాంజో కావాలి, నాకూ కావాలి అని. ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వస్తారు, ఆ వేళ్ల నడక నేర్చుకోవాలని. రోడ్డు పక్కన ఆమె పేరుతో ఒక పలక కూడా పాతారు. దాని మీద పిట్టలు రెట్టలు వేస్తే మా అన్నయ్య తడిగుడ్డ తీసుకుని బయలుదేరతాడు.

పోయే ముందు వదిన మా అన్నయ్యని ఒకటే అడిగింది. "వేసవిలో నా సమాధి దగ్గర ఏటా తలుచుకునే మీటింగు పెడితే ఏడుపు పాటలతో సరిపెట్టకు. గింజల పాట ఒక్కసారి వినిపించు." ఆయన సరేనన్నాడు.

కష్టం ఎక్కడొచ్చిందంటే, గుట్ట మీద సమాధుల చుట్టూ కంచె వేసిన స్థలం ఎలిహూది. ఎలిహూ వదినకి తమ్ముడు, నాకు బావ వరస, మా చర్చి సంఘానికి పెద్ద. మా సంఘంలో దేవుడి ముందు నోరు తప్ప ఏదీ మోగకూడదు. బాంజో మాట చెప్పనే అక్కర్లేదు. అక్క రేడియోలో పాడిన నాటి నుంచి ఆయన ఆమె ఇంటికి వచ్చేవాడు, భోజనం చేసేవాడు, బాంజో సంచీలోంచి బయటికి రాగానే టోపీ తీసుకుని వెళ్లిపోయేవాడు. మొదటి ఏడాది మీటింగులో పాట కుదరదన్నాడు. రెండో ఏడాదీ అదే మాట. అన్నేళ్లు పని చేసిన బొగ్గు గని మా అన్నయ్య ఊపిరి సగం ఉంచుకుని ఇంటికి పంపింది. మూడో వేసవి వచ్చేసరికి ఆ గుట్ట ఎక్కడం ఆయనకి ఇదే ఆఖరు అని అందరికీ తెలుసు.

అందుకని నేను ఎండు ఆపిల్ ముద్ద పెట్టి పొరల కేకు చేసి ఎలిహూ ఇంటికి పట్టుకెళ్లాను.

"ఏమే మరదలా, కేకు తెచ్చావంటే ఏదో అడగడానికే" అన్నాడు.

"నీ మొహం చూసి తెచ్చాననుకున్నావా బావా. మా అన్నయ్య కోసం వచ్చాను. ఒక్క పాట."

"కంచె లోపల తీగ మోగకూడదు. నేను పెట్టిన రూలు కాదు అది."

"మీ అక్క అడిగిన మాట కూడా నేను పెట్టింది కాదుగా."

"ఆ రికార్డు నేను ఇంతవరకు వినలేదు. ఇక వినను కూడా" అని కేకు ముక్క కోసుకున్నాడు. "ఆపిల్‌లో దాల్చినచెక్క ఎక్కువైంది."

"మరి రెండో ముక్క ఎందుకు కోస్తున్నావు?"

"పారేయడం పాపం కదా" అన్నాడు.

మీటింగు రోజు అన్నయ్యని మేనల్లుళ్లు కుర్చీలో కూర్చోబెట్టి గుట్ట పైకి మోసుకొచ్చారు. బాంజోలతో వచ్చిన ముగ్గురు అమ్మాయిలు కంచె బయటే నిలబడ్డారు, తీగల మీద అరచెయ్యి ఆనించుకుని. ముగ్గురు పెద్దలు ప్రసంగాలు చేశారు. ఒకాయన చెమటకి చొక్కా మార్చుకోవాల్సి వచ్చింది. అవి అయ్యాక అన్నయ్య కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు.

"తీగ మోగకూడదన్నావు, మోగించను. నోరుంది కదా, ఎలిహూ" అన్నాడు.

మా దగ్గర పాట పద్ధతి వేరు. ఒకరు ముందు ఒక పాదం గబగబా చెప్తారు, తరవాత అందరం కలిసి దాన్నే సాగదీసి, కొండ చుట్టూ తిప్పి పాడతాం. మళ్లీ ఇంకో పాదం. అన్నయ్య ఆ పద్ధతిలోనే మొదలుపెట్టాడు.

"పొయ్యి మీద గింజలూ బుడబుడా అన్నాయి."

అలవాటు పడ్డ ప్రాణాలు కదా, ఎవరూ ఆలోచించలేదు. దేవుడి పాటలాగే అందుకున్నాం. ఉడికే గింజల్ని అంత భక్తిగా ఎవరూ ఎప్పుడూ పాడి ఉండరు. పక్కనున్న ముసలావిడ కళ్లు మూసుకుని చెయ్యి కూడా పైకెత్తింది.

మేం పాదం ముగించాం. రెండోది చెప్పడానికి అన్నయ్య నోరు తెరిచాడు. గాలి రాలేదు. దగ్గు వచ్చింది, దగ్గు మీద దగ్గు. కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతులూ ఎలిహూ వైపు చాపాడు గానీ మాట రాలేదు.

మా సంఘంలో పాట మధ్యలో తెగకూడదు. చెప్పేవాడు తడబడితే పక్కవాడు అందుకోవాలి. ఎలిహూ జీవితమంతా చేసింది ఆ పనే. ఆయన బుర్ర ఇంకా వద్దంటూనే ఉందనుకుంటా, నోరు మాత్రం ముందే తెరుచుకుంది.

"ఎవరొస్తారో చూద్దామని మూత ఎత్తి చూశాయి."

అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన మొహం ఎర్రబడింది. కానీ పాదం బయటపడ్డాక పాడక తప్పదు, పాడాం. పాడాక తరవాతిది చెప్పకా తప్పదు, ఆయన చెప్పాడు. మూడు చరణాలూ అయిపోయాయి. రికార్డులో ఉన్నది అంతే. ఆపుతాడనుకున్నాం. ఆయన టోపీ తీసి గుండెకి ఆనించుకుని, అక్క సమాధి రాతి వైపు చూస్తూ ఇంకోటి అందుకున్నాడు.

"పిల్లి తిన్నదన్నాడమ్మా మా ఇంటి ఎలిహూ. పిల్లి మూతి పొడిగుంది, వాడి మూతికి పులుసూ."

అది మేమెవ్వరం వినలేదు. అన్నయ్య కూడా వినలేదట. ఆ పాట పుట్టిందే వాళ్ల అమ్మ వంటింట్లోనట; ఇది అక్క పదేళ్ల పిల్లగా తమ్ముడి మీద కట్టిన చరణం. దాన్ని కూడా సాగదీసి, దీర్ఘాలు తీసి, పిల్లి మూతి దగ్గర కొండల దాకా తీసుకెళ్లి పాడాం. సగం మంది నవ్వుతూ, సగం మంది ముక్కు చీదుతూ. అన్నయ్య గొంతు లేకుండానే పెదాలు కదిపాడు.

పాట అయ్యాక ఎలిహూ కళ్లజోడు తుడుచుకుని, "ఆమెన్. భోజనాలు" అన్నాడు. తరవాత కంచె బయటి అమ్మాయిల వైపు తిరిగాడు. "భోజనాలు అక్కడే పెడతారు, కంచె బయట. అక్కడ నా మాట చెల్లదు."

వాళ్లకి ఇంకోసారి చెప్పాల్సిన పని పడలేదు. మూడు బాంజోలూ ఒకేసారి మొదలయ్యాయి, అదే పాట, ఈసారి వదిన వాయించిన వేగంతో.

అన్నయ్య కుర్చీని కంచె బయటికి తెచ్చి నీడలో వేశాం. ఎలిహూ మాత్రం బయటికి రాలేదు. కుర్చీ లాక్కుని లోపలి వైపునే, కంచె కమ్మీలకి మోకాళ్లు తగిలేంత దగ్గరగా, అన్నయ్యకి ఎదురుగా కూర్చున్నాడు. నేను గింజలూ మొక్కజొన్న రొట్టే పెట్టిన పళ్లెం కంచె మీది నుంచి అందించాను.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు మొత్తం తినేసి.

"మూతి తుడుచుకో బావా. పిల్లి చూస్తోంది."