రాని ఎర్ర డబ్బా

అంబులెన్సులు పంపే ఆఫీసులో పొద్దున పదింటికి కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఫోన్‌లో ఒకావిడ ఏడుస్తూ అడ్రసు చెబుతోంది, తెరమీద ఒక్క అక్షరం పడితేగా! ఫోన్ల దగ్గర కూర్చునే అక్క అరచేతి మీద పెన్నుతో రాసుకుని బండి పంపింది. ఏడు నిమిషాలు ఆలస్యమైంది. ఆవిడ మొగుడు బతికి బయటపడ్డాడు, అదృష్టం.

"మెమరీ నిండుకుంటే హెచ్చరికగా తెరమీద ఎర్ర డబ్బా వస్తుందని మీ చెల్లెలే కదమ్మా చెప్పింది? నువ్వు కునుకైనా తీసుండాలి, చూసుకోకుండా దాన్ని మూసేసైనా ఉండాలి" అని సూపర్‌వైజర్ తేల్చేశాడు. సాయంత్రానికి అక్కని ఆ పనిలోంచి తీసేస్తారట.

ఆ సాఫ్ట్‌వేర్ రాసిన చెల్లెలు కబురందగానే పరుగున వచ్చింది. ఆమెని అందరూ గంటలమ్మ అంటారు. ఏది రాసినా అడుగడుగునా హెచ్చరికలు పెడుతుంది మరి.

"నువ్వు మూశావా అక్కా?"

"నా మొహం. వస్తేగా మూయడానికి!"

గంటలమ్మ పక్కగదిలో అదే ప్రోగ్రామ్ నడిపించి, కావాలనే ఉత్తుత్తి కాల్స్ కుమ్మరించింది. మెమరీ తగ్గింది, తగ్గింది, అడుగంటింది. తెర బిగుసుకుంది. ఎర్ర డబ్బా లేదు, పాడూ లేదు. రెండోసారీ అంతే. అప్పుడు తను రాసిందంతా వరస వరసా చదివి తల పట్టుకుంది. ఎర్ర డబ్బా గీయడానికీ కాస్త మెమరీ కావాలి! అంతా అయిపోయాక చెప్పమంటే అదెలా చెబుతుంది, పాపం? ఎంత తెలివితక్కువ పని చేశానని తనని తనే తిట్టుకుంది.

మార్చడానికి గంట కూడా పట్టలేదు. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే కాస్త మెమరీ పక్కన దాచేలా చేసింది, చివర్లో నోరు తెరవడానికి. అదీగాక, ఇంకా ఐదో వంతు మిగిలుండగానే డబ్బా రావాలని రాసింది. మళ్లీ కాల్స్ కుమ్మరించింది. ఈసారి టంచనుగా వచ్చింది.

సూపర్‌వైజర్ని పిలిచి పాతదీ కొత్తదీ రెండూ నడిపి చూపించింది. "తప్పు నాదండీ. మా అక్కది కాదు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "సరేలేమ్మా, మీ అక్క కుర్చీ మీ అక్కదే."

గంటలమ్మ గంతులేసినంత పని చేసి అక్క దగ్గరికెళ్లింది. అక్క నవ్వింది గానీ, కుర్చీలోంచి లేవలేదు. కళ్లు గుంటలు పడున్నాయి. పక్క కుర్చీ ఖాళీ.

"ఇక్కడ కూర్చునే ఆవిడేదీ?"

"సెలవులో ఉందే. పది రోజులైంది. రెండు షిఫ్టులూ నేనే."

"పది రోజులా! రోజూ ఫోన్ చేస్తే బాగానే ఉన్నానంటావు. ఒక్కమాట చెప్పకూడదూ?"

"చెప్పడానికైనా ఓపికుండాలి కదే" అంది అక్క.

గంటలమ్మకి ఏడుపొచ్చింది. అక్క తలకున్న హెడ్‌ఫోన్ తీసి తను పెట్టుకుందామనుకుంది, కానీ ఆ పని తనకి రాదు. వెనక్కి తిరిగి సూపర్‌వైజర్ గది తలుపు కొట్టింది.

"ఏమ్మా, ఇంకేమైనా తప్పు దొరికిందా?"

"దొరికిందండీ, పది రోజులుగా మా అక్కకి రెండు షిఫ్టులు" అంది గంటలమ్మ. "ఈ తప్పు మాత్రం మీదీ నాదీ."